రెండూ పదికి మోగే గంట

మే నెలలో, హైదరాబాదులో, చంకన స్వెట్టరు పెట్టుకుని ఉద్యోగానికి వెళ్లినవాణ్ణి నేను. రాత్రి ఎనిమిదిన్నరకి హిమాయత్‌నగర్‌లో బస్సు దిగేసరికి జనం చొక్కా గుండీలు విప్పుకుని చెరుకురసం తాగుతూ ఉండేవాళ్లు. వాళ్ల మధ్య నుంచి స్వెట్టరుతో, టిఫిన్ క్యారియర్‌తో నడిచిపోతుంటే వెనకనుంచి ఎవరో ఒకరు కిసుక్కుమనేవారు. 1993 నాటి మాట. ఏసీ అనేది అప్పట్లో మిషను కోసం పెట్టేవాళ్లు. అందులో మనిషి ఎలా బతుకుతాడన్నది మనిషి గొడవ.

ఉద్యోగం పేరు కంప్యూటర్ ఆపరేటర్, నైట్ డ్యూటీ. పత్తి రైతులకు పురుగుమందులు అమ్మే ఒక కంపెనీ హెడ్డాఫీసు. తెనాలిలో మా అమ్మ అడిగినవాళ్లకల్లా "మావాడు కంప్యూటర్ నడుపుతాడు" అని చెప్పేది, లారీ నడుపుతాడన్నట్టు. నేను సిగ్గుపడేవాణ్ణి గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఆమె మాటే నిజానికి దగ్గర. రాత్రంతా మెలకువగా ఉండి, ఫలానా మైలురాయి దగ్గర ఫలానా పని చేసి, తెల్లారేసరికి సరుకు దించడమే మా పని కూడా.

ఆ మైలురాళ్లన్నీ గోడకి అంటించిన ఒక అట్టమీద ఉండేవి. దాన్ని రన్ షీటు అనేవాళ్లం. తొమ్మిదింటికి డే ఎండ్. అంటే ఆ రోజు లెక్కలు కట్టేసే కోబాల్ ప్రోగ్రాము. దానికి ముందు 'హూ' అని కమాండు కొట్టి టెర్మినళ్ల మీద ఇంకా ఎవరు కూర్చున్నారో చూడాలి. అకౌంట్స్‌లో ఒకాయన స్క్రీను అలాగే వదిలేసి ఇంటికి వెళ్లిపోయేవాడు. నేను పైఅంతస్తుకి పరిగెత్తి ఆయన టెర్మినల్ లాగౌట్ చేసి వచ్చేవాణ్ణి. పదింటికి లైన్ ప్రింటర్. పదకొండు నుంచి డిపోలకు ఫోన్లు. ఒంటిగంటకి అన్నిటినీ కలిపే ప్రోగ్రాము. ఒకటింబావుకి బ్యాకప్. 150 ఎంబీ పట్టే కార్ట్రిడ్జ్ టేపు, మా డేటాకి ఒకటి చాలేది కాదు. సుమారు రెండింటికి మొదటిది నిండేది. దాన్ని తీసి రెండోది పెట్టి ఎంటర్ కొట్టాలి. ఐదింటికి సేల్స్ మేనేజరు రిపోర్టు, అంచులకున్న చిల్లుల కాగితం చింపి, మడతపెట్టి, ఆయన టేబుల్ మీద.

ఒక్కో పని అయ్యాక లాగ్ బుక్కులో టైము వేసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకంలో నా చేతిరాత రాత్రి తొమ్మిదింటికి గుండ్రంగా ఉండి, మూడింటికి కోడి కెలికినట్టు అయిపోయేది.

వీటన్నిట్లోకి పసందైన ఘట్టం డిపోల ఫోన్లు. అప్పట్లో ఎస్టీడీకి పదకొండు దాటితే పావు ఛార్జీ. అందుకని కంపెనీ వాళ్లు ఆంధ్రదేశమంతా ఆ వేళకి మేలుకోవాలని నిర్ణయించారు. గుంటూరు, కర్నూలు, వరంగల్, విశాఖపట్నం, నెల్లూరు, ఒక్కో డిపోలో ఒక్కో కుర్రాడు, ఒక పీసీ, ఒక మోడెము, పురుగుమందుల వాసన. నేను నంబరు తిప్పేవాణ్ణి, అవతల వాడు ఎత్తేవాడు, రెండు ముక్కలు మాట్లాడుకుని ఇద్దరం ఒకేసారి మోడెములకి లైను అప్పగించేవాళ్లం. ఆ తర్వాత ఇనపరేకు మీద గోటితో గీసినట్టు కీచుమనే శబ్దం. అది ఆగితే కలిసినట్టు. ఫైలు పంపే ప్రోగ్రాము పేరు కెర్మిట్. కొలంబియా యూనివర్సిటీలో తయారైంది. టీవీలో ఆడే ఒక కప్పబొమ్మ పేరు దానికి పెట్టారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సెకనుకు 2400 బిట్లు. 60 కేబీ ఫైలు రావడానికి నాలుగు నిమిషాల పైచిలుకు. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటికి.

వరంగల్ కుర్రాడు ముక్తసరి. "అన్నా, ఫైలు తయారున్నది, కొట్టు" అనేవాడంతే. విశాఖపట్నం వాడికి సినిమా కబుర్లు కావాలి. "ఏటి గురూ, ఇయ్యాల లేటయిపోనాది" అని మొదలుపెట్టి, పావు ఛార్జీ కదా అని ఐదు నిమిషాలు లాగేవాడు. కర్నూలు వాడితో స్నేహం. అక్కడ కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. "అన్నా, కరెంటు ల్యా. దీపం పెట్టుకోని కూచ్చోనుండా. వస్తానే నేనే చేస్తా" అనేవాడు. రెండున్నరకో మూడింటికో ఫోను మోగేది. అప్పటికే ఒంటిగంట ప్రోగ్రాము అయిపోయి ఉండేది. కర్నూలు ఫైలు వచ్చాక దాన్ని మళ్లీ నడిపేవాణ్ణి. అలా నడపమని రన్ షీటులో ఎక్కడా లేదు. మూడేళ్లలో అతన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ యాస వింటే తల తిప్పుతాను.

రెండూ పదికి లేవడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. బ్యాకప్ మొదలుపెట్టి, కాగితం పెట్టెలు రెండు జతచేసి, వాటి మీద నడుం వాల్చేవాణ్ణి. ఒకసారి ఏకంగా నాలుగున్నర దాకా నిద్రపోయాను. మిషను రెండు గంటలకు పైగా రెండో టేపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆ మర్నాడు పడ్డ అక్షింతలు ఇక్కడ రాయదగ్గవి కావు. అప్పుడు మాన్యువల్ తిరగేస్తుంటే 'ఎట్' అనే కమాండు దొరికింది. ఫలానా టైముకి ఫలానా పని చెయ్యి అని ఒక్కసారికి చెప్పి పెట్టుకోవడం. కంప్యూటర్ అక్షరాల పట్టికలో ఏడో నంబరు అక్షరానికి ఆకారం ఉండదు, అది పంపితే గంట మోగుతుంది. టెలిప్రింటర్ల రోజుల్లో నిజంగా గంటే మోగేదట. మా కన్సోల్‌లో కీచుగొంతు బీప్ వచ్చేది. దాన్ని ఇరవైసార్లు పంపమని రెండూ పదికి 'ఎట్' పెట్టుకుని పడుకునేవాణ్ణి. (తర్వాత లినక్స్‌లో చూశాను. 'ఎట్'కి టైము బదులు 'టీటైమ్' అని రాసినా ఒప్పుకుంటుంది, సాయంత్రం నాలుగని అర్థం చేసుకుంటుంది. రాసినవాడు రాత్రి డ్యూటీ చేసినవాడు కాదు. మా టీటైమ్ అర్ధరాత్రి ఒంటిగంట.)

ఆ టీ తెచ్చేది వాచ్‌మన్ తాత. ఒకరాత్రి టీ ఆలస్యమై, గంట మోగుతుంటే లోపలికి వచ్చాడు. నేను కళ్లు నులుముకుంటూ టేపు మార్చడం, తర్వాత వేరే ఏదో కమాండు కొట్టడం, పుస్తకంలో సంతకం పెట్టడం అంతా చూశాడు.

"గా గంట ఎవ్వరు గొట్టిన్రు సారూ?"

"మిషనే తాతా. టైముకి నన్ను లేపమని చెప్పాను."

తాత గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. "టైముకు గంట గొట్టనీకి తెలివున్నప్పుడు, నిన్ను లేపుడెందుకు? ఆ పనేందో అదే జేస్కోరాదా?"

నా ఉద్యోగానికి ఎసరు అక్కడ పడింది. పెట్టింది తాత, మంట వేసింది నేను.

క్రాన్ గురించి అప్పటికే విని ఉన్నాను గానీ, అది పెద్ద ఇంజనీర్ల వ్యవహారమని ముట్టుకోలేదు. అది అప్పటికే పాతది. బెల్ ల్యాబ్స్ 1979లో విడుదల చేసిన ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉంది. గ్రీకులో కాలానికి ఉన్న పేరులోంచి దానికి ఆ పేరు వచ్చింది. నిమిషానికోసారి లేచి, జాబితా చూసుకుని, ఈ నిమిషానికి పని ఉంటే చేసి, లేకపోతే మళ్లీ పడుకునే ప్రోగ్రాము. నిమిషానికోసారి లేచేవాడితో నేనేం పోటీపడతాను?

ఆ జాబితాలో ఒక్కో వరసకి ముందు ఐదు గళ్లు. నిమిషం, గంట, తేదీ, నెల, వారం. మాకు దాన్ని నేర్పిన ఒక ఇంజనీరుగారు బోర్డు మీద గీసి చూపిస్తుంటే నాకు మా తాతగారి పంచాంగం గుర్తొచ్చింది. అక్కడా ఐదే. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. రెండింటికీ కలిసింది వారం ఒక్కటే. ఇక్కడ నక్షత్రం కూడా ఉంది గానీ దాని అర్థం వేరు. గడిలో నక్షత్రం గుర్తు పెడితే ఏదైనా ఫర్వాలేదని. రోజూ ఒకటింబావుకి అంటే, నిమిషం గడిలో 15, గంట గడిలో 1, మిగతా మూడింటా నక్షత్రాలు.

పంచాంగం చూడ్డంలో లాగే ఇక్కడా పైకి కనపడని మెలికలున్నాయి. నెలలో మొదటి సోమవారం డీలర్ల స్టేట్‌మెంట్లు ప్రింటవ్వాలి. తేదీ గడిలో 1 నుంచి 7, వారం గడిలో సోమవారం అని రాశాను. రెండూ కలిసినరోజే నడుస్తుందని ఎవరైనా అనుకుంటారు. అమావాస్య ఆదివారం అంటే రెండూ కలిసిన రోజనే కదా మనకి. క్రాన్‌కి అలా కాదు. ఆ రెండు గళ్లూ నింపితే, ఏ ఒక్కటి కుదిరినా చాలని దాని లెక్క. ఫలితం, ఒకటో తేదీ నుంచి ఏడో తేదీ దాకా రోజూ, ఆపైన ప్రతి సోమవారమూ స్టేట్‌మెంట్లు. ఐదో రాత్రికి గానీ కాగితం పెట్టెలు ఎందుకు తరుగుతున్నాయో నాకు తోచలేదు. నా పరుపు తరిగిపోతుంటే కూడా గమనించలేదన్నమాట.

ఇంకొకటి. చేత్తో కొడితే చక్కగా నడిచే కమాండు క్రాన్‌లో పెడితే నడిచేది కాదు. మా వీధిలోవాళ్లకి మూలమీద మేడ అంటే చాలు. కొత్త పోస్టుమాన్‌కి ఇంటినంబరు, వీధి, ఊరు అన్నీ రాయాలి. క్రాన్ ఎప్పటికీ కొత్త పోస్టుమానే. నేను లాగిన్ అయినప్పుడు నాకు తెలిసిన దారులేవీ దానికి తెలియవు, ప్రతి ప్రోగ్రాముకీ మూలం నుంచి పూర్తి చిరునామా రాయాల్సిందే. ఇది తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి "చేత్తో నడుస్తోంది, క్రాన్‌లో నడవట్లేదు" అన్నవాళ్లు వందమంది ఉంటారు. అందరికీ పోస్టుమాన్ కథే చెప్పాను.

ఆరు నెలల్లో రన్ షీటు మొత్తం క్రాన్‌టాబ్‌లోకి, అంటే ఆ క్రాన్ జాబితాలోకి, ఎక్కింది. డిపోలకి కూడా మనిషి అక్కర్లేకుండా మోడెము తనంతట తానే ఎత్తుకునే ఏర్పాటు, యూయూసీపీ అనేది, పెట్టించారు. పదకొండూ అయిదుకి మా మిషను నంబరు తిప్పుతుంది, గుంటూరు మిషను పలుకుతుంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని ఆ కీచుశబ్దం వినేవాణ్ణి. కర్నూలు కుర్రాడు ఆఖరిసారి మాట్లాడినప్పుడు సంబరపడ్డాడు. "ఇంక రాత్రిళ్లు నిద్ర పోవచ్చన్నా" అన్నాడు. మరుసటి నెల రాత్రి టీ ఖర్చులకని ఇచ్చే డబ్బు వాళ్లకి కోసేశారని విన్నాను. ఆ మాట అతను నాకు చెప్పలేదు. చెప్పడానికి ఫోనెక్కడిది మరి?

ఇక కర్నూలు కరెంటు సంగతి. పదకొండున్నరకి కరెంటు లేకపోతే మా మిషను రెండుమూడుసార్లు ప్రయత్నించి ఊరుకునేది. ఒంటిగంటకి ఉన్న ఫైళ్లతో లెక్క తేల్చేసేది. కర్నూలు అమ్మకాలు సున్నా అని సేల్స్ మేనేజరు బల్ల మీదికి నీటుగా ప్రింటయి వెళ్లేది. మా కరెంటే పోయి మిషను ఆగిపోయిందనుకోండి, ఆ వేళకి చెయ్యాల్సిన పని ఆ రోజుకి ఇక అంతే. లేచాక "అయ్యో తప్పిపోయిందే, ఇప్పుడు చేద్దాం" అన్న ఆలోచన క్రాన్‌కి లేదు. ఒంటిగంట పని మూడింటికి చేసినా అది పనేనని తెలిసినవాళ్లు డిపోల్లో నిద్రపోతున్నారు, హాయిగా.

సంక్రాంతికి అన్ని డిపోలకీ తాళాలు. మా మిషనుకి పండగ తెలియదు కనక యథాప్రకారం తిప్పింది. ఒకచోట మోడెము ఆపేసి వెళ్లారు, మామూలు ఫోను మాత్రం ఉంది. అక్కడి కాపలా ముసలాయన ఎత్తాడు. చెవిలో కీచుమంది. పెట్టేశాడు. పది నిమిషాలకి మళ్లీ. మూడోసారికి ఆయన గోడౌన్ వదిలి రోడ్డు మీదికి వచ్చేశాడట. పండగ తర్వాత ఆ డిపో మేనేజరు నాకు ఫోన్ చేసి, దెయ్యం మీ ఆఫీసు నుంచే మాట్లాడుతోంది అన్నాడు. ఆ ఏడాది నుంచి సెలవుల జాబితా ఒక ఫైల్లో రాసి, ముందు దాన్ని చూసుకునేలా చిన్న ప్రోగ్రాము కట్టాను.

నా మహాపరాధం ఇంకా చెప్పలేదు. క్రాన్ జాబితాను మార్చాలంటే క్రాన్‌టాబ్ మైనస్ ఈ. జాబితాను మొత్తం తుడిచెయ్యాలంటే క్రాన్‌టాబ్ మైనస్ ఆర్. కీబోర్డు మీద ఈ పక్కనే ఆర్. ఇది ఎవరి బుద్ధో నాకు తెలియదు. విషం సీసానీ టానిక్ సీసానీ ఒకే రంగులో పక్కపక్కన పెట్టిన కాంపౌండర్ లాంటివాడై ఉంటాడు. రాత్రి తొమ్మిదిన్నరకి, నిద్రకళ్లతో, ఆర్ నొక్కాను. నిజమా అని అడగదు. తుడిచానని చెప్పదు. చప్పుడు లేకుండా ముప్ఫైకి పైగా వరసలు పోయాయి. నేను ఇంకా తెర వైపు చూస్తూ, ఎడిటర్ తెరుచుకోలేదేమిటా అనుకుంటున్నాను.

రాత్రి బ్యాకప్ టేపులో ఉంటుంది కదా అనొచ్చు. డేటా బ్యాకప్ చేసేవాళ్లం గానీ ఈ జాబితాను చెయ్యాలని ఎవరికీ తట్టలేదు. కాళ్లు వణికాయి. అప్పుడు గోడ వైపు చూశాను. పాత రన్ షీటు అలాగే ఉంది. ఏడాదిగా ఎవరూ చూడక ఒక మూల ఊడి వేలాడుతోంది. దాన్ని తీసి, పాత లాగ్ బుక్కులు దించి, నా చేతిరాత నేనే కూడబలుక్కుంటూ ఒక్కో వరసా మళ్లీ రాశాను. ఆ రాత్రికి పనులన్నీ చేత్తోనే నడిపాను. తాత టీ తెచ్చి, "ఏంది, మళ్ల పాత పద్ధతేనా?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి బాగుంది. మర్నాటినుంచి ప్రతినెలా జాబితా ప్రింటు తీసి లాగ్ బుక్కులో అంటించడం మొదలుపెట్టాను.

అన్నిటికీ మనిషి అక్కర్లేకపోయినా టేపు మార్చడానికి చెయ్యి కావాలి. బ్యాకప్‌ని రెండు ముక్కలు చేశాను, ఒకటింబావుకి ఒకటి, రెండూ ఇరవైకి ఇంకొకటి. మధ్యలో రెండూ పదికి, నన్ను లేపే గంట. దాన్నీ క్రాన్‌టాబ్‌లోనే ఒక వరసగా పెట్టాను. పైన కామెంటు కూడా రాశాను, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగులో, 'లేవరా బాబూ టేపు' అని. దాదాపు రెండేళ్లు ఆ ఒక్క గంట కోసం నాకు జీతమిచ్చారు. 1996లో డాట్ డ్రైవు కొన్నారు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద టేపు, 2 జీబీ పడుతుంది. సాయంత్రం ఒకటి పెట్టి ఇంటికి వెళ్లిపోవచ్చు. నైట్ డ్యూటీ ఎత్తేసి నన్ను పగటికి మార్చారు. స్వెట్టరు మాత్రం మానలేదు, పగలు కూడా అదే ఏసీ.

ఆ తర్వాతి బతుకు వేరే. 2000 తర్వాత మాదాపూర్‌లో కూర్చుని అమెరికాలోని మిషన్లకు పనులు పురమాయించే ఉద్యోగం. ఒక మిషను మీంచి ఇంకో మిషనుకి కమాండు పంపడానికి మొదట్లో ఆర్‌ఎస్‌హెచ్ వాడేవాళ్లం. ఫలానా మిషను నుంచి వస్తే పాస్‌వర్డ్ అడక్కు అని ఒక ఫైల్లో రాసిపెడితే చాలు, మేనమామ ఇంట్లోకి వెళ్లినట్టు వెళ్లిపోవచ్చు. 1988లో మోరిస్ పురుగు అనే ప్రోగ్రాము ఇంటర్నెట్టు మీద పాకిన దారుల్లో ఈ మొహమాటాలూ ఒకటి. ఫిన్లండ్‌లో టాటూ ఇలోనెన్ అనే ఆయన 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాక గానీ తలుపులకి సరైన తాళాలు పడలేదు. మా దాకా అది రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

అక్కడ నన్ను బోల్తా కొట్టించింది గడియారం. అమెరికాలో అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాన్ని ఒకటికి వెనక్కి తిప్పేవాళ్లు. న్యూయార్కు మిషను మీద ఒకటిన్నరకి ఒక పని పెట్టాను. ఆ రోజు ఒకటిన్నర రెండుసార్లు వచ్చింది. మన ఉదయం పదకొండింటికి ఒకసారి, సరిగ్గా పన్నెండుకి ఇంకోసారి. పాత క్రాన్, రెండుసార్లూ నమ్మకంగా పనిచేసింది. ఆదివారం ఇంట్లో పప్పన్నం కలుపుకుంటుంటే ఫోను. వేసవికి ముందు గడియారాన్ని ముందుకి తిప్పినరోజు రెండున్నరకి పెట్టిన పని అసలు నడవనే లేదు, ఆ రోజు రెండున్నర అనే వేళే లేదు కనక. ఇంట్లో ఎంత చెప్పినా నమ్మలేదు, గంట లేకపోవడమేమిటి అని.

పోయినేడు పాత కంపెనీ నుంచి ఫోనొచ్చింది. నాకు తెలిసినవాళ్లెవరూ అక్కడ లేరు. నంబరు ఎవరి దగ్గరో పట్టుకుని ఒక కుర్రాడు చేశాడు. పాత సర్వర్లన్నీ క్లౌడ్‌లోకి మారుస్తున్నారట. మా రోజులనాటి ఎస్‌సీవో యూనిక్స్ నుంచి లినక్స్‌కి, ఒక లినక్స్ నుంచి ఇంకో లినక్స్‌కి మార్చిన ప్రతిసారీ, ఏది తీస్తే ఏమవుతుందోనని భయపడి, క్రాన్‌టాబ్‌ని ఉన్నదున్నట్టు మోసుకొచ్చారట. అందులో ఒక వరస ఎవరికీ అర్థం కావట్లేదట.

"సార్, రోజూ రెండూ పదికి కన్సోల్‌కి ఏదో పంపుతోంది. ఇరవైసార్లు. పైన 'లేవరా బాబూ టేపు' అని ఉంది. దేనికైనా అవసరమా సార్? తీసేస్తే ఏమైనా ఆగిపోతుందా?"

ఆ సర్వర్‌కి కన్సోల్ కూడా ఉండదు. దేనికి పంపుతోందో, ఎక్కడ మోగుతోందో.

"ఏమీ ఆగదు నాయనా, తీసెయ్" అన్నాను. ఫోను పెట్టెయ్యబోతూ మళ్లీ పిలిచాను. "ఇదిగో, ముందు ఒక ప్రింటు తీసి పెట్టుకో. తీసేటప్పుడు చూసి నొక్కు, ఈ పక్కనే ఆర్ ఉంటుంది."